నెమళ్ళ భోజనశాల

లండన్ నగరమున హైడ్ పార్కునకు దక్షిణముగా ప్రిన్సెస్ గేట్ అను సంపన్నుల వీథి యొకటి కలదు. అందలి 49వ నంబరు మేడలోని భోజనశాల నేడు ఆ మేడలో లేదు. గోడల తొడుగు, తలుపులు, కిటికీ రెక్కలు, అలమారలు, పైకప్పు, సమస్తమును ఊడదీయబడి, పెట్టెల కెక్కి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, మొదట డెట్రాయిట్ నగరమునకును, అటనుండి వాషింగ్టన్ నగరమునకును తరలిపోయినది. ఒక భోజనపు గదికి ఇంతటి దేశాటనము ప్రాప్తించుట అరుదు. ఆ గది యేర్పడిన తీరు అంతకంటెను అరుదు. శిల్పి యొకడు గీచిన పటము ననుసరించి అది పుట్టలేదు. ఒకరు తీర్చినదానిని మరియొకరు సరిదిద్దబోయి, సరిదిద్దినది ప్రక్కదానితో పొసగక దానినికూడ దిద్ది, ఆ దిద్దుబాటువలన బయటపడిన వెలితిని పూడ్చుటకై వేరొకచోట చేయి వేసి, ఏడాది తిరుగునప్పటికి మొదటి వస్తువు కంటికి కనబడకుండునట్లు పూర్తియైన గది యది.

మేడ యజమాని ఫ్రెడరిక్ లేలండ్ లివర్పూల్ రేవున ఓడల వ్యాపారము చేయు ధనికుడు. సామాన్యుల ఇంట పుట్టి, బిబ్బీ వారి ఓడల సంస్థలో చిన్నతనముననే పనికి కుదిరి, బుద్ధిబలముచేతను కార్యకాఠిన్యముచేతను పైకి వచ్చి, తుదకు ఆ సంస్థనే తన పేరిట మార్చుకొనిన సమర్థుడు. ఇటువంటివారికి ధనము చేరిన పిదప కులీనత కావలసియుండును. పూర్వము ఇటలీ దేశమున ఫ్లోరెన్సు వర్తకప్రభువులు చిత్రకారులను పోషించుచు జీవించినట్లు తాను లండనులో జీవింపవలెనని లేలండు కోరిక. ఆతడు వట్టి ఆడంబరుడు మాత్రము కాడు. చిత్రములయందును సంగీతమునందును నిజమైన అభిరుచి గలవాడు, శ్రద్ధగా పియానో అభ్యసించినవాడు.

1870ల నాటికి లండనులో శ్రీమంతులకును చిత్రకారులకును చీనాదేశపు నీలి-తెలుపు పింగాణిమీద మోజు పిచ్చిగా పరిణమించినది. ముఖ్యముగా కాంగ్ షీ చక్రవర్తి కాలమున, అనగా 17వ శతాబ్దపు చివరను 18వ శతాబ్దపు మొదటను తయారైన కూజాలు, పళ్ళెరములు, మూతల భరిణెలు వేలంపాటలలో పోటీల మీద అమ్ముడుపోయెడివి. లేలండు మర్రే మార్క్స్ అను వర్తకునియొద్ద కొని కొని పెద్ద సంగ్రహమును కూర్చెను. ఆ పింగాణిని చక్కగా అమర్చుటకు భోజనశాలయే తగిన తావని నిశ్చయించి, మార్క్స్ సలహామీద టామస్ జెకిల్ అను వాస్తుశిల్పికి ఆ పని నప్పగించెను.

జెకిల్ నార్ఫోక్ ప్రాంతమువాడు, ఇనుపపనికి రూపకల్పనలు చేయుటలో ప్రసిద్ధుడు. సుమారు 33 అడుగుల నిడివి, 20 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు గల ఆ గదికి ఆతడు కప్పునుండి వ్రేలాడు ఎనిమిది గ్యాసుదీపములను కూర్చెను. పూర్వపు ట్యూడర్ రాజుల కాలపు పద్ధతిలో పైకప్పునకు దూలపు గడులల్లెను. గోడల పొడవునను నేలనుండి ఎత్తువరకు వాల్‌నట్ కర్రతో సన్నని నిలువుకమ్ముల అలమారలు నిలిపెను. ఆ అలమారలకు వెనుక, గోడలకు, పూవులు చిత్రించి పూతపూసిన పాత తోలును తొడిగించెను. ఆ తోలు ఎనిమిదవ హెన్రీ రాజు పట్టమహిషియైన కేథరిన్ స్పెయిన్ నుండి పుట్టింటి సారెగా తెచ్చినదని కథ చెప్పుకొనిరి. పాతవస్తువుల నమ్మువారి నోట రాజులు, రాణులు చౌకగా వత్తురు. ఆ తోలు హాలెండు దేశపుదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఏమైనను ఖరీదైన సామగ్రియే. చలికొరివికి ఇరువైపులను పొద్దుతిరుగుడు పూవుల యాకారమున ఇనుపకొయ్యలను నిలిపి జెకిల్ తన పనిని ఇంచుమించు ముగించెను.

ఇచట ఒకమాట చెప్పవలసియున్నది. భోజనము చేయు తావును శాశ్వతముగా అలంకరించుట, అతిథుల కది చూపుట, మన పూర్వాచారములలో కానరాదు. తెలుగింట భోజనపు తావునకు అలంకార మనగా గోమయముతో అలికి, ముగ్గుతీసి, పీట వేసి, అరటియాకు పరచుటయే. ఆకు ఎత్తిన మరుక్షణమున ఎంగిలిశుద్ధి జరుగును, ముగ్గు చెరగును. నేడు వంకరపోయిన ముగ్గునకు రేపు మరల అవకాశము కలదు. చేసిన తప్పు గోడపై నిలిచి ఎదురుగ కూర్చుండదు. విక్టోరియా రాణి కాలపు ఆంగ్లేయ ధనికునకు అట్లు కాదు. ఆతని కొలువుకూటము, ఆతని వైభవప్రదర్శనము, ఆతని పరపతి, అన్నియు ఆ బల్లచుట్టే. అందుచేత అక్కడి ప్రతి దిద్దుబాటునకును వ్యయము, ప్రతి పొరపాటునకును సాక్షులు.

చలికొరివికి పైన, ఉత్తరపు గోడమీద, లేలండు ఒక పెద్ద చిత్రమును వ్రేలాడదీసెను. పింగాణిదేశపు రాకుమారి యని దాని పేరు. జపాను కిమోనో ధరించి, చేత విసనకఱ్ఱ పట్టి నిలిచిన ఒక యువతి చిత్ర మది; లండనులోని గ్రీకు కాన్సల్ జనరల్ కుమార్తె క్రిస్టీన్ స్పార్టలీని ఎదుట నిలిపి 1860లలో జేమ్స్ విస్లర్ చిత్రించినది. విస్లర్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున 1834లో జన్మించి, పారిసులో చిత్రలేఖనము నభ్యసించి, లండనులో కాపురముండినవాడు. మాటలతో నవ్వించుటకును నొప్పించుటకును సమానముగా నేర్చినవాడు. సీతాకోకచిలుకను తన చేవ్రాలుగా వాడుకొనినవాడు. లేలండు కుటుంబమునకు ఆతడు ఆప్తుడు. లివర్పూల్ చెంత వారు అద్దెకుండిన స్పీక్ హాల్ అను పాతభవనమున వారాలతరబడి అతిథిగా నుండి, దంపతుల రూపచిత్రములను వ్రాసినవాడు. ఆతడు రాత్రివేళ థేమ్స్ నదిని చిత్రించిన పటములకు, సంగీతమునుండి గ్రహించి, నాక్టర్న్ అను పేరును సూచించినది లేలండే. చిత్రకారునకును పోషకునకును ఇంతకు మించిన అనుబంధ మేది?

1876 వసంతమున విస్లర్ ఆ యింటి మెట్లదారి గోడలకు అలంకారము చేయుచుండెను. భోజనశాల తలుపులకును కిటికీ రెక్కలకును ఏ రంగు వేయవలెనని జెకిల్ సందేహము వెలిబుచ్చగా, విస్లర్‌ను సంప్రతించిరి. అనర్థమంతయు ఈ చిన్న ప్రశ్నతో మొదలైనది. ఆతడు గదిలోనికి వచ్చి చూచి, తోలుమీది ఎఱ్ఱని పూవులు తన రాకుమారి చిత్రములోని మెత్తని వన్నెలను చంపుచున్నవని యనెను. కొద్దిగా పసుపు తాకించినచో సరిపోవుననెను. యజమాని సరేయనెను. పూవులమీద పసుపు పడినది. తలుపునందలి అద్దపు కూర్పులో ఒక అలల నమూనా యుండగా, దానినే గోడ పైయంచునకును క్రింది చెక్కపలకలకును విస్లర్ వ్యాపింపజేసెను. ఇంతవరకు ఒప్పందములోని పనియే. గది పూర్తియైనదని తలచి లేలండు వ్యాపారపు పనిమీద లివర్పూల్ వెళ్ళిపోయెను. జెకిల్ అస్వస్థుడై పనికి రాకయుండెను. గదిలో విస్లర్ ఒక్కడే మిగిలెను.

అడుగువారు లేనప్పుడు కళాకారుని చేయి ఆగుట దుర్ఘటము. పైకప్పునకు ఆతడు అచ్చమైన బంగారమునకు మారుగా రాగియు జస్తును కలిసిన పలుచని ఇత్తడి రేకును అంటించి, దానిపై నెమలికన్నుల వరుసలను ఆకుపచ్చ నీలములతో చిత్రించెను. పైకప్పు పసిడివన్నె తాల్చినతోడనే దానిక్రింద గోధుమవన్నె వాల్‌నట్ అలమారలు వెలవెలబోక తప్పదు గదా! వానికిని స్వర్ణలేపనము కావలసివచ్చినది. అలమారలు మెరసిన పిమ్మట ఎదుటనున్న కిటికీ రెక్కలు వట్టి చెక్కలై నిలిచినవి. వానిమీద పురి విప్పినవియు, తోక జాడించినవియు నగు పెద్ద నెమళ్ళను బంగారుతో తీర్చెను. చెల్సీ ప్రాంతమున థేమ్స్ నదిమీద పడవలు నడుపు కుటుంబమునకు చెందిన హెన్రీ గ్రీవ్స్, వాల్టర్ గ్రీవ్స్ అను సోదరులు ఆతనికి శిష్యులై రేకు లంటించుచు, రంగులు నూరుచు, ఉదయమునుండి పొద్దుగ్రుంకువరకు పరంజాలమీద ఉండిరి. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న మన పెద్దలు ఇంటికి రంగువేయించి చూడుమని అనకపోవుట లోపమే.

విస్లర్ యజమానికి జాబులు వ్రాయుచునే యుండెను. అద్భుతమైన వింత యొకటి సిద్ధమగుచున్నదని ఊరించుచుండెనేగాని, ఎంత పనియో ఎంత వ్యయమో చెప్పలేదు. అంతటితో ఊరకుండక పరుల ఇంటిలో తాను గృహస్థువలె అతిథులను పిలిచి గదిని చూపుచుండెను. శరత్కాలమున లేలండు లండనునకు రాగా, ఎదుట మెరయుచున్న గదిని, చేతికి వచ్చిన లెక్కను ఏకకాలమున చూచెను. విస్లర్ అడిగినది 2,000 గినీలు. లేలండు తాను కోరినది ఇంత పని కాదని, సగమునకు మించి ఇయ్యజాలనని చెప్పెను. ఆ సగమైనను గినీలలో గాక పౌనులలో ఇచ్చెను. ఆ నాటి ఇంగ్లండులో పెద్దమనుష్యులకు, వైద్యులకు, చిత్రకారులకు గినీలలో చెల్లించుట మర్యాద. పౌనులలో చెల్లించుట అంగడివానికిని వడ్రంగికిని. గినీకి 21 షిల్లింగులు, పౌనునకు 20. వేయి గినీలకు బదులు వేయి పౌనులు ముట్టగా విస్లరునకు తగ్గినది వేయి షిల్లింగులే. ఆతని హృదయమున నాటినది పోయిన 50 పౌనులు కాదు, ఆ షిల్లింగుల కొరతలోని చిన్నచూపు.

ఈ వివాదమున చరిత్రకారులు సాధారణముగా చిత్రకారుని పక్షము వహింతురు. నేను వహింపలేను. అడుగని పనిని చేసి, చెప్పని వెలను కట్టి, ఈయలేదని అలుగుట ఏ వృత్తిధర్మము? లేలండు పిసినారి యనుటకు వీలులేదు. ఆ తోలునకు, అలమారలకు, పింగాణికి ఆతడు చేసిన వ్యయము స్వల్పము కాదు. తాను వలచి కొనిన తోలు తనకు చెప్పకుండ మరుగుపడుచున్నది. అయినను ఆతడు విస్లర్‌ను తక్షణమే వెళ్ళగొట్టలేదు. పని ముగించుకొని పొమ్మనెను. తరువాత జరిగినదానిని తలచినచో అదియే ఆతని పొరపాటు.

ఆ చలికాలమున విస్లర్ మరల పరంజా యెక్కి, అంతవరకు మిగిలియున్న పూవుల తోలునంతయు గాఢమైన ప్రష్యన్ నీలముతో కప్పివేసెను. రాణిగారి సారె యని పేరుపొందిన వస్తువు ఒక పూవైన మిగులకుండ నీలములో మునిగినది. చూడగా ఇదియే మొదటి ఎఱ్ఱపూవుల సమస్యకు తుదిపరిష్కారము: వన్నె పొసగలేదని పసుపు తాకింపగా పొసగక, పైకప్పు మార్చిన పొసగక, అలమారలు మార్చిన పొసగక, తుదకు పూవులనే తుడిచివేయుట. దక్షిణపు గోడన, రాకుమారికి సరిగా ఎదుట, ఒక పెద్ద ఖాళీ యుండెను. అచట మువ్వురు కన్యల చిత్రమును వ్రాసియిత్తునని విస్లర్ యేండ్ల క్రిందటనే మాట ఇచ్చియు, వ్రాయుచు చెరపుచు, తృప్తి కలుగక, ఎన్నడును ముగింపలేదు. ఆ ఖాళీని ఇప్పుడు ఆతడు బంగారునెమళ్ళు రెండింటితో నింపెను. అవి పోట్లాడుచున్నవి. ఒకటి ఱొమ్ము ఈకలు విదల్చి మీదికి దూకుచున్నది. దాని ఱొమ్మున నాణెముల గుర్తులు, కాళ్ళచెంత చెల్లాచెదరుగా వెండి షిల్లింగులు. రెండవది వినయముగా వెనుకకు జరుగుచున్నది. దాని నెత్తిమీద ఒక వెండి ఈక. విస్లర్ నల్లని జుట్టులో ఒక తెల్లని పాయ యుండెడిదనియు, లేలండు ముడుతల చొక్కాలు ధరించెడివాడనియు ఎరిగిన లండనువాసులకు ఎవరు ఎవరో చెప్పవలసిన పనిలేదు. కళయు ధనమును, లేక ఈ గది కథ, అని దానికి పేరు.

గదిని ముందుగా గీచుకొనక, ఒక్కొక్క పూతయు తనంత తాను తోచగా చిత్రించితినని విస్లర్ చెప్పుకొనెడివాడు. చాలభాగమున కది నిజమే కావచ్చును. కాని ఈ పోట్లాట నెమళ్ళకు మాత్రము నిండుపరిమాణపు కాగితపు నమూనా కలదు. నేడు గ్లాస్గో విశ్వవిద్యాలయపు హంటేరియన్ సంగ్రహమున భద్రముగా నున్నది. ఆ గీతల వెంబడి సూదితో బెజ్జములు పొడిచియున్నవి. మన కోరమండల్ తీరపు అద్దకపువారు కాగితమును బెజ్జములు పొడిచి, బొగ్గుపొడి రాల్చి, వస్త్రముమీదికి పూవుల నెక్కించినట్లే, ఆతడును తన పక్షులను గోడకు ఎక్కించెను. ఉల్లాసము కలిగినపుడు చేతికి తోచినట్లు గీచినవాడు, కోపము వచ్చినపుడు కొలతలు వేసి, ఒక్క గీతయైనను తప్పిపోకుండ జాగ్రత్తపడెను!

1877 ఫిబ్రవరిలో విస్లర్ పత్రికలవారిని ఆ గదికి ఆహ్వానించి, నీలమును బంగారమును కూడిన రాగమేళనమని వివరించు ముద్రితపత్రమును పంచిపెట్టెను. మార్చిలో పని ముగిసెను. అటుపిమ్మట ఆతడు ఆ గడప తొక్కలేదు. తన భార్యతో ఆతడు కలిసి తిరుగుట సహింపక, మరల కనబడినచో కొరడాతో కొట్టెదనని లేలండు జాబు వ్రాయువరకు మైత్రి చెడినది. కళావిమర్శకుడు రస్కిన్ చేసిన విమర్శపై విస్లర్ పరువునష్టపు దావా వేసి, మరుసటి యేట గెలిచి, నష్టపరిహారముగా ఒక ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవవంతు, పుచ్చుకొని, కోర్టు ఖర్చులచేత దివాలా తీసెను. అప్పులవారిలో ముఖ్యుడు లేలండే. 1879లో ఇల్లు స్వాధీనపరచుకొనవచ్చిన ఋణదాతలను ఎదుర్కొనినది, నెమలి యాకారమున పియానో వాయించుచు విస్లర్ ఇంటినే పీటగా చేసికొని కూర్చుండిన లేలండు వికటచిత్రము. ఆ పటము నేడు శాన్ ఫ్రాన్సిస్కోలో నున్నది.

జెకిల్ గతి మరియు శోచనీయము. ఆతడు గదిని చూచి మతి చలించి, ఇంటికి పోయి నేలకు బంగారుపూత పూయుచు పట్టుబడెనని ఒక కట్టుకథ వాడుకలో నున్నది. అది చమత్కారము కొరకు అల్లినదిగా తోచుచున్నది. చిత్తవైకల్యము మాత్రము నిజము. 1881లో నార్విచ్ నగరపు వైద్యాలయమున మరణించెను. తన అలమారలు పరుని బంగారుక్రింద మరుగైపోగా, పత్రికలలో ఆతని పేరు వినబడలేదు.

లేలండును గూర్చి జనులు మరచుచున్న సంగతి యొకటి కలదు. ఆతనికి తలచినచో ఒక్క దినమున ఆ నెమళ్ళపై సున్నము కొట్టించుటకు శక్తి కలదు. కొట్టింపలేదు. తనను నిందించుచున్న చిత్రము ఎదుటనుండగా, దాని క్రింద బల్లవేసి, సుమారు పదునైదేండ్లు ఆ గదిలోనే అతిథులతో భుజించి, 1892లో లండను భూగర్భ రైలుబండిలో ప్రయాణము చేయుచు హఠాత్తుగా మరణించెను. గది నిలిచినదనిన, అది గీచినవాని ప్రతిభచేత సగము, చెరపనివాని సహనముచేత సగము.

తదనంతరము పింగాణి వేలములలో చెదరిపోయెను. రాకుమారి చిత్రము చేతులు మారెను. డెట్రాయిట్ నగరమున రైలుపెట్టెల తయారీచే ధనము గడించిన చార్లెస్ లాంగ్ ఫ్రీర్ విస్లర్‌కు మిత్రుడు, ప్రాచ్యకళాసక్తుడు. 1894-95 సంవత్సరములలో సింహళమును, మన దేశమును, జపానును చూచినవాడు. ఆతడు 1903లో రాకుమారిని, మరుసటి యేట గదినంతటిని కొని, తన ఇంటికి ప్రక్కగా దానికై ఒక భాగము కట్టించి మరల కూర్పించెను. నీలి-తెలుపు పింగాణి ఆతడు కోరలేదు. ఇరాను, సిరియా, చీనా, కొరియా, జపాను దేశముల మట్టిపాత్రలను, మాసిన ఆకుపచ్చవి, తేనెవన్నెవి, పగుళ్ళు బారినవి, ఒక్కొక్కటిగా ఎత్తి దించి, ప్రక్కపాత్రతో సరిచూచుచు ఆ బంగారు అలమారలలో నిలిపెను. నా దృష్టిలో గదికి న్యాయము జరిగినది అప్పుడే. నీలపుగోడ ముందు నీలి పింగాణి తన ఉనికిని కోల్పోవును, తేనెవన్నె కూజా మాత్రము నిలుచును. ఫ్రీర్ 1919లో గతించెను. ఆతడు దేశమునకు కానుకచేసిన సంగ్రహముతో కూడ ఆ గది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థవారి ఫ్రీర్ కళాప్రదర్శనశాలలో 1923నుండి ప్రజల దర్శనార్థము తెరువబడినది.

వర్జీనియా, మేరీలాండ్ ప్రాంతములయందు తెలుగు కుటుంబము లనేకము కాపురమున్నవి. స్వదేశమునుండి తలిదండ్రులు వచ్చినపుడు వాషింగ్టన్ చూపుటకు గొనిపోవుట వారికి పరిపాటి. ఆ కళాప్రదర్శనశాలకు ప్రవేశరుసుము లేదు. అచటికి పోయినవారు నెమళ్ళకొరకు తొందరపడక, మొదట అలమారల సన్నని కమ్ములను, వ్రేలాడు దీపముల పొందికను, చలికొరివిచెంత పొద్దుతిరుగుడు పూవులను నిదానముగా చూడుడు. అవి జెకిల్ చేసినవి, పూత విస్లర్‌ది.